తట్టి రమ్మన్న ఇల్లు

"బయట గడియ పెట్టమ్మా. వినపడట్లేదా?"

షెడ్డు లోపలినించి రంపం మేస్త్రి గొంతు. బయట అతని తల్లి గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. పెట్టదు, వదలదు.

"గొడ్డుని కట్టేసినట్టు కన్నకొడుకుని కట్టెయ్యనా? ఈ చేత్తోనేగా నిన్ను ఉయ్యాల ఊపింది!"

"నువ్వు పెట్టకపోతే నేనే లోపల్నించి మేకులు కొట్టుకుంటా."

"కొట్టుకో. తిండి కిటికీలోంచి గిరాటేస్తా, కాకికి వేసినట్టు."

లోపలినించి బదులు లేదు. కొడుకు బదులిస్తే ముసలామెకు ధైర్యం. ఊరుకుంటేనే భయం. కోడలి వైపు చూసింది.

కోడలు మెట్టు మీద కూర్చుని పాప మెడకు కట్టిన గుడ్డ సరిచేస్తోంది. ఆ గుడ్డలో పాప కుడిచెయ్యి వేలాడుతోంది. విరగలేదు, బెణికింది, అన్నారు ఆసుపత్రిలో. మోచెయ్యి మాత్రం వంకాయ రంగులో వాచింది.

నిన్న పగటిపూట తండ్రి విసిరేస్తే మంచం కోడుకు తగిలిన చెయ్యి అది.

విసిరేశాడు అన్న మాట ఇంట్లో ఎవరూ పలకడం లేదు. "నిన్నటిది" అంటున్నారు. నిన్నటిది జరిగినప్పటి నుంచి మేస్త్రి ఇంట్లో అడుగు పెట్టలేదు. పెరట్లో చెక్కముక్కలు పడేసే షెడ్డులో దూరి, తనను లోపల పెట్టి గడియ వెయ్యమంటున్నాడు.

వాకిట్లో స్కూటర్ ఆగింది. ఎందుకమ్మ లేచి నిలబడింది.

ఎందుకమ్మ అంటే ఈ కోడలే. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ఇంటిల్లిపాదినీ కొరుక్కు తినేదట. ఆ పేరు పెట్టింది ఆమె అన్నే. పెళ్ళయి అత్తారింటికి వస్తే ఆ పేరు ఆమె కంటే ముందే వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

పేరు పెట్టిన అన్నే ఇప్పుడు స్కూటర్ దిగి లోపలికి వచ్చాడు. బేకరీలో పొయ్యి దగ్గర పని. కనుబొమలు ఎప్పుడూ సగం కాలి ఉంటాయి. మేనకోడలి చెయ్యి చూశాడు. చెల్లెలి ముఖం చూశాడు. షెడ్డు వైపు మాత్రం చూడలేదు.

"మూట కట్టు. పాపని తీసుకుపోతా."

"బావని పలకరించవా?"

"పలకరించి ఏమనను? బాగున్నావా బావా అననా? బాగుంటే నేనెందుకొస్తాను?"

ముసలామె గడియ వదిలేసి వచ్చింది. "నా మనవరాలిని ఎక్కడికయ్యా తీసుకెళ్తావు? నీ పొయ్యి పక్కన కూర్చోబెడతావా?"

"పొయ్యి కాలుస్తుందని ముందే తెలుసు అత్తయ్యా. దూరంగా ఉంటాం. ఈ ఇంట్లో ఎప్పుడు ఏది కాలుస్తుందో ఎవరికి తెలుసు?"

ముసలామె మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"మామయ్యా, నేను తట్టాను," అంది పాప ఉన్నట్టుండి.

"ఏం తట్టావమ్మా?"

"నాన్న దగ్గరికి పోయేముందు తట్టాను. మర్చిపోలేదు. తట్టే వెళ్ళాను." పాప పెదవి వంకర పోయింది. చెయ్యి నొప్పికి కాదు. తను తప్పు చేసిందని అందరూ అనుకుంటున్నారేమోనని.

"తట్టావులే తల్లీ. నీ తప్పేం లేదు," అంది ఎందుకమ్మ.

అన్న వాకిలి వైపు తిరిగాడు. "సాయంత్రం పొయ్యి ఆర్పి వస్తా. మూట ఉంటే మూటతో, లేకపోతే ఊరికే. పాప మాత్రం ఈ రాత్రి ఇక్కడ పడుకోదు. నన్ను తిట్టుకున్నా సరే."

"తిట్టుకోను అన్నయ్యా."

"తిట్టుకో. తిట్టుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది."

స్కూటర్ వెళ్ళిపోయింది.

ఎందుకమ్మ షెడ్డు దగ్గరికి నడిచింది. చెక్కగోడ మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి కిటికీ ముందుకు వచ్చింది. లోపల ఏదో దొర్లి పడింది.

మేస్త్రి మూలకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఊపిరి ఎగబీలుస్తున్నాడు. ఆమె అని తెలిశాక మెల్లగా పాత కుర్చీలో కూలబడ్డాడు.

"డాక్టరమ్మ దగ్గరికి ఇవాళ వెళ్ళాలి," అంది ఆమె.

"నేను రాను."

"ఎందుకు?"

"మొదలెట్టావా?"

"మీరే చెప్పేస్తే నేను అడగనుగా."

అతను అరచేతులు చూసుకున్నాడు. ఎన్నేళ్ళో దుంగలు తోసిన చేతులు. కాయలు కాచిన చోట ఇప్పుడు చర్మం మెత్తబడుతోంది. తనతో జోడీగా పనిచేసిన పొడుగాయన పోయినప్పటినుంచి మిల్లులో రంపం ముట్టలేదు.

"ఆవిడ దగ్గర బాగానే ఉంటాను. అదే వచ్చిన చిక్కు. అక్కడ మంచివాడిలా కూర్చుని, ఇంటికొచ్చి పిల్ల చెయ్యి విరగ్గొడితే..."

"విరగలేదు."

"ఈసారికి."

గోడ అవతల ఎవరో బట్టలు దులుపుతున్నారు.

"ఒకటి చెప్తా, ఎవరితో అనకు," అన్నాడు మేస్త్రి. "నాకు పాపంటే భయమేస్తోంది."

ఆమె కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది.

"మిల్లు ముందునుంచి నడిచి చూశా. రంపం రొద విన్నా. ఏమీ కాలేదు. కానీ పాప నా దగ్గరికి వస్తుంటే ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. రాకముందే. మొహం కనపడకముందే. కన్నకూతురంటే భయమేంటి? ఇది రోగమా, నేనేదన్నా చెడ్డ మనిషినైపోయానా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. మాటల కోటా అయిపోయిందని అర్థం.

ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే దారి పొడుగునా ఆ ఒక్క ప్రశ్నే నములుకుంటూ నడిచింది. రంపానికి బెదరని మనిషి చిన్నపిల్లకి బెదరడమేంటి? ముల్లు కాలిలో దిగితే కంట్లో మంట పుట్టినట్టుంది.

*

"మాటల డాక్టరమ్మ" అన్నది అత్తగారు పెట్టిన పేరు. మందు లేదు, సూది లేదు, మాటలకి డాక్టరేంటి, మాటలు మనింట్లో తక్కువయ్యాయా అని ఆవిడ మొదటిరోజే తేల్చేసింది. ఆ డాక్టరమ్మ కళ్ళజోళ్ళ దుకాణం పైన చిన్న గదిలో కూర్చుంటుంది. అద్దాల తలుపు. కుర్చీలో కూర్చుంటే మెట్లెక్కి వచ్చేవాళ్ళు కనపడతారు. ఎందుకమ్మ ఒక్కతే రావడం చూసి డాక్టరమ్మ ముందే లేచి తలుపు తీసింది.

"ఆయన రాలేదా?"

"మీరే అన్నారు కదండీ, ఆయన రాకపోతే నన్నైనా రమ్మని."

"అన్నాను. కూర్చోండి. ఒక మాట ముందే చెప్తాను. ఆయన నాతో చెప్పింది మీకు చెప్పను. మీరు చెప్పింది ఆయనకి చెప్పను. అవి మీరు మీరే చెప్పుకోవాలి."

"అలాగేనండి." ఎందుకమ్మ నిన్నటిది చెప్పింది. ఈసారి విసిరేశాడు అనే అంది. అనగానే ఏడుపొచ్చింది. డాక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, ఏడుపు అయ్యేదాకా కిటికీలోంచి రోడ్డు చూసింది.

తర్వాత అడిగింది. "దానికి ముందు ఏం జరిగింది?"

"ముందా? ఏం లేదండి. ఆయన కూర్చుని పాత రంపం బ్లేడుకి ఆకురాయితో పదును పెడుతున్నాడు. పాప వెళ్ళింది."

"పాప ఏమైనా అందా? పరిగెత్తిందా? మీద పడిందా?"

"లేదండి. మా పాప అలా చెయ్యదు. చాలా పద్ధతిగా వెళ్తుంది."

"పద్ధతిగా అంటే?"

ఎందుకమ్మకు విసుగేసింది. ఎదుటివాళ్ళ ఎందుకులు ఇంత చిరాగ్గా ఉంటాయని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"పద్ధతిగా అంటే పద్ధతిగానేనండి."

డాక్టరమ్మ లేచి కుర్చీని గోడ పక్కకు జరిపింది. గుమ్మం కనపడకుండా అటు తిరిగి కూర్చుంది. "నేను మీ ఆయన్ని. చేతిలో ఆకురాయి ఉంది. మీరు పాప. పాప ఎలా వచ్చిందో అలాగే రండి."

"నేనా? నాటకమా?"

"నాటకమే. నవ్వొస్తే నవ్వండి."

ఎందుకమ్మ నవ్వుతూనే బయటికి వెళ్ళింది. మళ్ళీ లోపలికి వచ్చింది. వచ్చి డాక్టరమ్మ భుజం పక్కన నిలబడింది. "ఇంతేనండి."

డాక్టరమ్మ తల తిప్పింది. "ఇప్పుడు చేత్తో ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదే."

"చేశారు. గుమ్మం చెక్క మీద."

ఎందుకమ్మ తన చెయ్యి చూసుకుంది. వేళ్ళ కణుపులు ఇంకా వంగి ఉన్నాయి. "ఓ అదా! తట్టానండి. అది లెక్కలోది కాదు. మా ఇంట్లో అందరూ తడతారు."

"ఎందుకు?"

ఆ ఎందుకుతో ఎందుకమ్మ చెప్పడం మొదలుపెట్టింది. రంపం దగ్గర ఉన్న మనిషిని వెనకనుంచి పిలవకూడదు. రొదలో వినపడదు. వినపడి చటుక్కున తిరిగాడా, చెయ్యి పోతుంది. అందుకని పిలవాల్సినవాడు అతను తోస్తున్న దుంగ మీద రెండుసార్లు తడతాడు. అది చెవికి కాదు, అరచేతులకి తెలుస్తుంది. అప్పుడు తోయడం ఆపి తిరిగి చూస్తాడు. రంపం పనివాళ్ళ ఇళ్ళలో కోడళ్ళకి మొదట నేర్పేది అదే. మామగారు ఉన్నప్పటి నుంచీ అత్తగారి అలవాటు అది.

"ఈయన పని మానేశాక కూడానా?"

"అప్పట్నుంచి ఎక్కువ చేశామండి. పొడుగాయన పోయాక ఈయన చిన్నదానికీ ఉలిక్కిపడుతున్నాడు. బెదరకుండా ఉండాలని, ఎవరు ఏ గదిలోకి వెళ్ళినా తట్టి వెళ్ళాలన్నాం. మా అత్తగారు కంచం పెట్టేముందు కూడా తడుతుంది. పాపకి అస్తమానం చెప్పి చెప్పి నేనే నేర్పాను. పాప ఒక్కసారి కూడా మర్చిపోదు. మేమైనా మర్చిపోతాం గానీ..."

మాట అక్కడ ఆగింది.

కింద దుకాణంలో ఎవరో అద్దం అరగదీస్తున్నారు. సన్నటి గీర.

"పొడుగాయన దుంగకి అటు కొసన ఉండేవాడండి," అంది ఎందుకమ్మ. "ఈయన తోస్తే ఆయన లాగేవాడు. పెళ్ళి కాకముందు నుంచీ జోడీ. ఆ రోజు చొక్కా చెయ్యి బెల్టులో చిక్కుకుందట. అరిస్తే వినపడదు కదా. చెక్క మీద తట్టాడట. పక్క రంపం ఆయన చెప్పాడు. మా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తట్టాడని తెలిసి మా ఆయన ఆపేశాడు. ఆపి చూశాడు."

"చూశారు."

"చూసేసరికే..."

ఎందుకమ్మ రెండు చేతులూ చీర కొంగులో చుట్టేసుకుంది. అవి మళ్ళీ ఏమైనా తడతాయేమోనని భయమేసినట్టు.

"నేనే నేర్పానండి. దానికి. నా నోటితో. నాన్న దగ్గరికి వెళ్తే తట్టి వెళ్ళమ్మా అని."

"ప్రేమతో నేర్పారు."

"ప్రేమతో విషం పెడితే విషం కాదా?"

"అది విషమో కాదో ఇంకా మనకి తెలియదు," అంది డాక్టరమ్మ. "కావచ్చు. కాకపోవచ్చు. అది చెప్పాల్సింది ఆయన ఒళ్ళు. ఇక్కడ ఆయన నిమ్మళంగా కూర్చోవడం నా గొప్పతనం అనుకున్నాను. ఇది అద్దం తలుపు, ఎవరూ తట్టరు. నా గొప్ప కాస్త తగ్గింది."

ఎందుకమ్మ కన్నీళ్ళలోనే నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "ఆయనకే తెలియదా, తట్టడం వల్లనని? పాపంటేనే భయం అనుకుంటున్నాడండి."

"నిప్పు మీద చెయ్యి పడితే ఆలోచించి తీస్తామా? చెయ్యి ముందు వస్తుంది, తెలివి వెనక వస్తుంది. వెనకొచ్చిన తెలివి ఎదురుగా ఎవరుంటే వాళ్ళే కారణం అనుకుంటుంది. ఎదురుగా పాప ఉంది. ఆయన పని మానేసి చాలా రోజులైంది కదా. కానీ ఆయన చేతులు ఇంకా ఆ దుంగ మీదే ఉన్నాయి. ఎవరు తట్టినా అక్కడే తట్టినట్టు."

"అయితే ఇంటికెళ్ళి ఎవరూ తట్టొద్దని చెప్పేస్తాను. తీరిపోతుంది."

"కొన్నాళ్ళు మానండి. పాపకి దెబ్బ తగలకూడదు, అది అన్నిటికన్నా ముందు. కానీ దాంతో తీరదు. ఇంట్లో చప్పుళ్ళు మూట కట్టి అటకెక్కించగలం, లోకంలోవి ఎక్కించలేం. ఆ చప్పుడు మళ్ళీ చప్పుడుగానే వినపడాలి. నా ముందు, వస్తోందని ముందే తెలిసి, కొంచెం కొంచెంగా. మొదట ఆయన చేత్తోనే. దానికి నెలలు పట్టవచ్చు."

మెట్ల దాకా వచ్చి డాక్టరమ్మ ఒక మాట అంది. ఎందుకమ్మ కళ్ళలోకి చూసి అంది.

"ఇంటికెళ్ళి తట్టి చూడకండి. నిజమో కాదో తేల్చుకుందామని."

"అయ్యో, నేనెందుకు చూస్తానండీ!" అంది ఎందుకమ్మ. ముఖం వేడెక్కింది. ఆ క్షణాన మనసులో ఉన్నది అదే మరి.

*

దారంతా లోకం తడుతూనే ఉంది. రేకు పెట్టెలు చేసేవాడు సుత్తితో తడుతున్నాడు. బస్సు దిగాల్సినవాళ్ళు బస్సు పక్కరేకు మీద చరుస్తున్నారు. ఎవరింటి తలుపో ఎవరో కొడుతున్నారు. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయి? ఒక్కొక్క చప్పుడుకీ ఎందుకమ్మ భర్త చేతులు తనవైనట్టు ఉలిక్కిపడుతూ నడిచింది.

ఇంటికి వచ్చేసరికి షెడ్డు ముందు నేల మీద కంచం బోర్లా పడి ఉంది. అన్నం మట్టిలో కలిసింది. అత్తగారు పక్కనే నేల మీద చతికిలబడింది.

"చూశావా నీ మాటల డాక్టరు వైద్యం? కన్నతల్లి అన్నం తెస్తే ఎగిరిపడి కంచం తన్నేశాడు!"

"తట్టారా అత్తయ్యా?"

"తట్టకుండా వెళ్తానా? నాకు ఆమాత్రం తెలియదా? తట్టే పెట్టా."

ఎందుకమ్మ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఎలా చెప్పాలో దారిలో చాలా రకాలుగా అనుకుంది. ఒక్కటీ పనికిరాలేదు.

"ఇక మనం తట్టొద్దు అత్తయ్యా. ఆ తట్టుడే ఆయన్ని బెదరగొడుతోంది. పొడుగాయన ఆ రోజు తట్టాడు కదా."

ముసలామె కోడలి ముఖం చూసింది.

"అంటే నా వల్లేనా?"

"మీ వల్ల అనలేదు. పాపకి నేర్పింది నేను."

"నీకు నేర్పింది నేను!" ముసలామె తన చెయ్యి ముందుకు చాపింది. "మా ఆయన రంపం మీద ముసలాడయ్యాడు. పది వేళ్ళతో పుట్టాడు, పది వేళ్ళతో పోయాడు. ఎందుకనుకున్నావు? ఈ చెయ్యి తట్టకుండా ఎప్పుడూ ఆయన వెనక నిలబడలేదు. ఆయన పోయేటప్పుడు కూడా మంచం పట్టె మీద తట్టాను. కళ్ళు తెరిచి చూశాడు. నన్ను చూసే పోయాడు. అదొక్కటే నాకు మిగిలిన పద్ధతి. దాన్ని ఇవాళ విషం అంటావా?"

"నేననలేదు అత్తయ్యా."

"నువ్వు అనలేదు. నీ మొహం అంటోంది."

ఎందుకమ్మ చేత్తో మట్టిలోని అన్నం కంచంలోకి ఎత్తడం మొదలుపెట్టింది. కాసేపటికి ముసలామె చెయ్యి కూడా వచ్చి కలిసింది. ఇద్దరూ మెతుకులు ఏరుతున్నారు.

"మరి తట్టకుండా ఎలా వెళ్ళాలి వాడి దగ్గరికి?" అంది ముసలామె చివరికి. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఎదురుగా, అత్తయ్యా. కనపడుతూ."

"ఎదురుగా వెళ్తే వాడి ముఖం చూడాలి కదే. అది కష్టం."

*

ఎందుకమ్మ షెడ్డుకు వెనకవైపు నుంచి కాకుండా, పెరడంతా చుట్టి, కిటికీకి ఎదురుగా దూరం నుంచి నడుచుకుంటూ వచ్చింది. దారిలో చేతులు వాటంతట అవే లేచాయి. చెక్కగోడ చేతికందే దూరంలో ఉంది. ఒక్కసారి, మెత్తగా, గోటితో. నిజమేనా అని తెలిసిపోతుంది. జీవితంలో ఇంతగా దేన్నీ తెలుసుకోవాలనుకోలేదు.

చేతులు వెనక్కి కట్టుకుంది.

మేస్త్రి ఆమె వస్తుండగానే చూశాడు. ఈసారి ఏదీ దొర్లి పడలేదు. మూలకు నక్కలేదు. అది ఆమె చూసింది. అడక్కుండానే సగం జవాబు వచ్చింది.

"ఒకటి చెప్తాను. వినేదాకా కళ్ళు మూసుకోకండి," అని మొదలుపెట్టింది.

చెప్పింది. తను పాపలా నటించడం, చెయ్యి తనకు తెలియకుండానే తట్టడం. చెప్తుంటే అతని ముఖంలో ఏమీ కదల్లేదు. పొడుగాయన మాట వచ్చినప్పుడు మాత్రం చేతులు ఒళ్ళోనుంచి లేచి, లేని దుంగ మీద ఆనినట్టు, గాల్లో నిలబడ్డాయి. అతను వాటిని చూసుకున్నాడు. ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"పాప కాదా?" అన్నాడు.

"కాకపోవచ్చు అంది డాక్టరమ్మ. కచ్చితంగా అనలేదు."

"పాప కాదా!" మళ్ళీ అన్నాడు. నవ్వో ఏడుపో తెలియని గొంతు. "వాడు గట్టిగా తట్టలేదే. మామూలుగా తట్టాడు. టీ తాగుదాం రమ్మన్నప్పుడు తట్టినట్టే. నేను టీకే అనుకున్నా. నవ్వుతూ తిరిగా, ఎందుకమ్మా. నవ్వుతూ."

ఎందుకమ్మా అని అతను పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది.

ఇంతలో వాకిట్లో స్కూటర్ ఆగింది.

అన్న నేరుగా పెరట్లోకి వచ్చాడు. కనుబొమల మీద పిండి. అత్తగారు ఎప్పుడు కట్టిందో పాప మూట కట్టి ఉంచింది. ఎందుకమ్మ దాన్ని చూసి అత్తగారి వైపు చూసింది.

"పిల్ల జాగ్రత్తగా ఉండాలి కదే," అంది ముసలామె తల దించుకుని. "మన తప్పు తేలేదాకా."

అన్న మూట అందుకున్నాడు. ఎందుకమ్మ తట్టుడు సంగతి గబగబా రెండు ముక్కల్లో చెప్పింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిజమే కావచ్చు. రేపు నిజం కాకపోతే? పిల్ల చెయ్యి పెట్టి పందెం కాయను."

అతను చెప్పింది డాక్టరమ్మ చెప్పినదే.

"నాన్నకి చెప్పి వస్తా," అంది పాప.

ఎవరూ ఆపేలోపే పాప షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది. బాగున్న చెయ్యి లేచింది. వేళ్ళ కణుపులు వంగాయి. పద్ధతిగల పిల్ల. ఎప్పుడూ మర్చిపోదు.

"వద్దు!" అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

పాప చెయ్యి గాల్లో ఆగింది. కళ్ళు నిండాయి. "నేను తట్టి వెళ్తానుగా," అంది.

లోపల కుర్చీ కదిలింది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"తల్లీ, నువ్వు తట్టకు," అన్నాడు మేస్త్రి తలుపు అవతలినుంచి. "నువ్వేం తప్పు చెయ్యలేదు. ఎప్పుడూ చెయ్యలేదు. ఇవాళ నేను తడతా. నువ్వు విను."

"ఏమండీ, డాక్టరమ్మ ముందు చేద్దురుగాని. ఆవిడ లేకుండా వద్దంది," అంది ఎందుకమ్మ.

"డాక్టరమ్మ వచ్చేసరికి పాప వెళ్ళిపోతుందిగా."

ఎందుకమ్మ పాపను ఎత్తుకుని తలుపుకు దూరంగా జరిగింది. అన్న మూట పట్టుకునే తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ముసలామె తన చేతిని తనే గట్టిగా పట్టుకుంది. లోపల ఊపిరి వినపడుతోంది. పైకి లాగి, ఆపి, మళ్ళీ లాగి. చెక్క మీద అరచెయ్యి ఆనిన చప్పుడు. గీరుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"నాన్నా?" అంది పాప.

తలుపు మీద ఒకసారి తట్టిన చప్పుడయింది.

అందరూ రెండోదాని కోసం చూస్తున్నారు. అది ఇంకా రాలేదు.